రోజుకి ఒక మిల్లీమీటరు

మంగళవారం రాత్రి పదిన్నరకి ఫోన్ మోగింది. తెలుగు సంఘంలో వాలంటీరుగా తిరిగే కుర్రాడు. "అక్కా, మనవాడొకడికి స్టోర్‌లో బుల్లెట్ తగిలిందట. కంగారుపడకండి, బతికాడు. భుజమేనట" అన్నాడు.

అతని గొంతులో ఊరట నాకు అర్థమైంది. ఇలాంటి కబుర్లు మోయడం అతనికి కొత్త కాదు. కొన్నిసార్లు ఆ ఫోన్ వెనకాలే శవపేటిక, కాన్సులేటు కాగితాలు, విమానం, శంషాబాదులో ఎదురుచూసే అంబులెన్సు. ఈసారి అవేవీ లేవు కాబట్టి "భుజమే". నేను మాత్రం ఆ చివరి 'ఏ' దగ్గర ఆగిపోయాను. కుడా ఎడమా అని అడిగాను. కుడి అన్నాడు. వేళ్లు కదులుతున్నాయా అని అడిగాను. "అది తెలీదక్కా, రేపు కనుక్కుంటా."

నేను ఫిలడెల్ఫియాలో ఆక్యుపేషనల్ థెరపిస్టుని. తెనాలి పక్క పల్లెటూరు మాది. హైదరాబాదులో ఫిజియోథెరపీ చదివి, ఇక్కడికొచ్చి ఇది చదివాను. ఆక్యుపేషన్ అనగానే ఉద్యోగాలు ఇప్పిస్తాననుకుని బయోడేటాలు పంపినవాళ్లు కూడా ఉన్నారు. నా పని అది కాదు. పొద్దున లేచి మనం పని అని కూడా అనుకోని పనులుంటాయే, బొత్తాం పెట్టుకోవడం, పళ్లు తోముకోవడం, లుంగీ కట్టుకోవడం, దొడ్డికెళ్లి కడుక్కోవడం, ఇవి చేతకాకుండా పోయినవాళ్లకి మళ్లీ నేర్పిస్తాను. నేర్పినా రానివాటికి వేరే దారి వెతుకుతాను. పక్షవాతం వచ్చినవాళ్లు, కార్లు గుద్దినవాళ్లు, నిచ్చెన మీంచి పడ్డవాళ్లు వస్తారు నా దగ్గరికి. వాళ్ల మధ్యలో తుపాకీ దెబ్బ తిన్నవాళ్లు. ఈ దేశంలో వెన్నుపాము దెబ్బతినడానికి వాహన ప్రమాదాలు, కిందపడటం తర్వాత మూడో కారణం హింసే, అందులో ఎక్కువ భాగం తుపాకీ. ఇక్కడ ఉద్యోగంలో చేరేదాకా ఈ ముక్క నాకూ తెలీదు.

పేషంట్ల పేర్లు చెప్పకూడదని ఇక్కడ గట్టి చట్టం ఉంది. చట్టం లేకపోయినా చెప్పను. కొన్ని వివరాలు అటూ ఇటూ మార్చి, వరసలు పెట్టి పిలుస్తాను. మన వాళ్లకి వరస కలిపితే గానీ మనిషి మనిషిలా కనపడడు కదా.

ముందు తమ్ముడి సంగతి. పంతొమ్మిదేళ్ల నల్లజాతి కుర్రాడు, ఉత్తర ఫిలడెల్ఫియా. చైనీస్ హోటల్లో నూడుల్స్ పొట్లం కట్టించుకుని బయటికొస్తున్నాడు. ఎవరో ఎవరినో కాల్చారు. మధ్యలో ఇతను. నేను పడ్డానని తెలుసు గానీ నొప్పి తెలీలేదు, కాళ్లు ఎక్కడున్నాయో చూసుకోవాల్సి వచ్చింది అని చెప్పాడు. ఈ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. కాల్పుల్లో పడ్డ మనిషి దగ్గరికి పోలీసులు ముందొస్తే అంబులెన్సు కోసం ఆగరు. ఎత్తి కారు వెనక సీట్లో పడేసుకుని ఆసుపత్రికి పరిగెత్తిస్తారు. దశాబ్దాలుగా అదే అలవాటు, 'స్కూప్ అండ్ రన్' అంటారు. రక్తం పోయే మనిషికి ప్రతి నిమిషమూ లెక్కే. తమ్ముడు అలాగే ప్రాణాలతో చేరాడు.

చేరగానే కత్తెరతో బట్టలు కోసేశారు. బట్టలు, బూట్లు, ఫోను పోలీసులు సాక్ష్యంగా తీసుకెళ్లారు. మా దగ్గర తుపాకీ కేసు వస్తే రికార్డులో వేరే పేరు పెడతారు, కాల్చినవాడు వెతుక్కుంటూ వస్తాడేమోనని. అంటే రెండు గంటల్లో ఒక మనిషి కాళ్లు, బట్టలు, ఫోను, పేరు, నాలుగూ పోగొట్టుకున్నాడు. వాళ్ల అమ్మమ్మ రిసెప్షన్‌లో నిలబడి మనవడి పేరు చెప్తే, అలాంటివాళ్లెవరూ లేరని చెప్పారట. "ఆ అరగంట వాడు చచ్చిపోయాడనే అనుకున్నాను" అని ఆవిడ నాతో అంది.

బుల్లెట్ వెన్నుపూసలో ఉంది. ఇప్పటికీ అక్కడే ఉంది. మన సినిమాల్లో హీరో మిత్రుడు పటకారుతో బుల్లెట్ లాగి పళ్లెంలో ఠంగుమని వేస్తాడు, హీరో లేచి కూర్చుంటాడు. నిజానికి డాక్టర్లు చాలా బుల్లెట్లని వదిలేస్తారు. వెతికి తీయడంలో జరిగే నష్టం దాన్ని ఉంచడం కంటే ఎక్కువ. అది చేసే చెడు లోపలికి వెళ్లేటప్పుడే చేసేసింది. మామూలు పిస్తోలు గుండు వెళ్లిన దారిలో చిల్లు చేస్తుంది. ఏఆర్-15 లాంటి రైఫిలు గుండు వేగం దానికి రెండు మూడు రెట్లు, శక్తి వేగానికి వర్గం చొప్పున పెరుగుతుంది కాబట్టి అది తగలని కండని కూడా చీల్చేస్తుంది. కుండకి చిల్లు పడటానికీ కుండ పగలడానికీ ఉన్నంత తేడా. రైఫిలు దెబ్బలు నా దాకా రావడం తక్కువ. ఎందుకో చెప్పక్కర్లేదు.

లోపల ఉండిపోయిన గుండు ఊరికే కూర్చోదు, అదీ చోటుని బట్టి. కండలో ఉంటే శరీరం దాని చుట్టూ గూడు కట్టేస్తుంది. కీలులో ఉంటే మాత్రం కథ వేరు. కీలులో ఉండే జిగురు నీరు సీసాన్ని మెల్లగా కరిగిస్తుంది. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుము దిగుతుందని మా అమ్మమ్మ తిట్టేది. అలాంటిదే అనుకోండి. బడిలో వంట చేసే ఒక పెద్దమ్మ, చెత్త బుట్ట బయట పెట్టడానికెళ్లి మోకాలికి గుండు తగిలించుకుంది. ఏళ్లు గడిచాక కడుపునొప్పి, నీరసం, చేతుల్లో తిమ్మిరి. వయసు అన్నారు, రక్తహీనత అన్నారు. చివరికెవరో రక్తంలో సీసం చూడమన్నారు. శరీరంలో గుండు ముక్కలున్నవాళ్ల రక్తంలో సీసం పెరగడం గురించి ఇక్కడి కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ 2017లో ఒక నివేదికే వేసింది. అయినా పెద్దమ్మని ఏ డాక్టరూ "ఎప్పుడైనా తుపాకీ దెబ్బ తగిలిందా?" అని అడగలేదు. ఆవిడా చెప్పలేదు. పాత సంగతి కదా అనుకుంది.

ఈ పాత సంగతి అనేదానికి ఒక లెక్క చెప్తాను. 1981 మార్చి 30న అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరిగినప్పుడు ఆయన ప్రెస్ సెక్రటరీ జేమ్స్ బ్రేడీకి తలలో గుండు దిగింది. బతికాడు. చక్రాల కుర్చీలోంచే భార్యతో కలిసి పోరాడి, తుపాకీ కొనేవాళ్ల చరిత్ర తనిఖీ చేసే చట్టం 1993లో తెప్పించాడు. 2014 ఆగస్టులో చనిపోయాడు. శవపరీక్ష చేసిన అధికారి ఆ చావుని హత్య అని రాశాడు. 33 ఏళ్ల తర్వాత. ఆ కాగితం రాసిన వైద్యుడి మీద నాకు చాలా గౌరవం.

తమ్ముడి ఇంటికి వద్దాం. ఫిలడెల్ఫియా పాత పేటల్లో ఇళ్లు గోడకి గోడ ఆనించి రైలు పెట్టెల్లా ఉంటాయి. ముందు మూడు పాలరాతి మెట్లు. పడగ్గదులు, బాత్రూము మేడ మీద. కాళ్లు చచ్చుబడిన మనిషికి ఆ ఇల్లు ఒక బావి. డిశ్చార్జికి ముందు నేను ఇంటి కొలతలు తీసుకోవడానికెళ్లాను. తలుపు వెడల్పు, మెట్టు ఎత్తు, మంచానికీ గోడకీ మధ్య జాగా. అమ్మమ్మకి డెబ్బై దాటాయి. ముందు గదిలో సోఫా తీసేసి ఆసుపత్రి మంచం వేయించింది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. కుర్చీలో ఉంటే పావుగంటకో అరగంటకో ఒకసారి చేతుల మీద బరువు వేసి పిర్రలు లేపాలి, లేకపోతే తెలియకుండానే పుండు పడుతుంది. మూత్రానికి గొట్టం, దొడ్డికి రోజూ ఒకే వేళకి మందు, వేలితో చేసే పని. ఇవన్నీ ఆవిడకి నేనే నేర్పాను. పంతొమ్మిదేళ్ల కుర్రాడు అమ్మమ్మ చేత అది చేయించుకోవాలి. మొదటిరోజు ఇద్దరూ గోడకేసి చూస్తూ ఉండిపోయారు. నేను వాతావరణం గురించి ఏదో వాగాను.

కిటికీ దగ్గర మంచం వేస్తానంటే తమ్ముడు ఒప్పుకోలేదు. గదికున్నది ఒకటే కిటికీ, అది వీధి వైపు. అమ్మమ్మ మనుషుల్ని పిలిచి అద్దాల బీరువాని దానికి అడ్డంగా జరిపించింది. అప్పట్నించీ ఆ గదిలో పగలూ లైటే. కాల్చిందెవరో పోలీసులకి తెలీదు. పేటలో కొందరికి తెలుసు. తమ్ముడికీ తెలుసేమో, నేను అడగలేదు. కాల్చిన కుర్రాళ్లు అదే వీధి మలుపులో నిలబడతారట. జూలై 4న ఈ ఊళ్లో రాత్రంతా బాణసంచా, దేశం పుట్టిన ఊరు కదా. ఆ రాత్రి వాడు మంచం మీంచి కింద పడ్డాడు. కదలని కాళ్లతో మంచం కిందికి దూరాలని చూశాడు.

హార్వర్డ్‌లో జిరుయి సాంగ్ అనే వైద్యుడు, తోటివాళ్లు 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. తుపాకీ దెబ్బ నుంచి బయటపడ్డవాళ్లని, అన్ని రకాలా వాళ్లలాంటివాళ్లే అయిన మామూలు జనంతో పోల్చి, బీమా లెక్కల ఆధారంగా ఏడాది పాటు చూశారు. నొప్పి జబ్బులు 40 శాతం, మానసిక జబ్బులు 51 శాతం, మందుకీ మత్తుకీ సంబంధించినవి 85 శాతం ఎక్కువ. మనిషికి నెలకి 2,495 డాలర్ల అదనపు వైద్య ఖర్చు, మన లెక్కలో రెండు లక్షల పైచిలుకు. నన్ను ఆపింది మాత్రం ఇంకో చిన్న అంకె. గుండు తగలని కుటుంబసభ్యుల్లో మానసిక జబ్బులు 12 శాతం పెరిగాయి. అమ్మమ్మ ఆ పన్నెండులో ఉంటుంది. ఉండదేమో కూడా, ఆవిడ డాక్టరు దగ్గరికెళ్తేగా లెక్కలోకి రావడానికి.

ఇలాంటి అధ్యయనాలు ఇంత ఆలస్యంగా రావడానికి కారణముంది. గాయాల మీద పరిశోధనకిచ్చే డబ్బుని తుపాకుల అదుపుని ప్రోత్సహించడానికి వాడకూడదని 1996లో అమెరికా కాంగ్రెసు ఒక షరతు పెట్టింది, డికీ సవరణ అంటారు. పరిశోధన చేయొద్దని అందులో లేదు. కానీ అధికారులు భయపడి ఆ వైపే వెళ్లలేదు. మళ్లీ కేంద్రం పద్దు రాసి డబ్బిచ్చింది 2020 బడ్జెట్టులో, 2.5 కోట్ల డాలర్లు. చచ్చినవాళ్ల లెక్క ఎప్పుడూ ఉంది, 2023లో 46,728 మంది. గాయాలతో మిగిలేవాళ్లు దాదాపు దానికి రెట్టింపని అంచనా. వాళ్లని అంచనాగానే వదిలేశారు.

ఒక ఆదివారం శివారులో తెలుగువాళ్లింట్లో సత్యనారాయణ వ్రతానికెళ్లాను. పెద్ద ఇళ్లు, పెద్ద పచ్చిక. నా ఉద్యోగం మాట వస్తే ఒకాయన "అవన్నీ సిటీలోనండీ, మన ఏరియాలో ఉండవు" అన్నాడు. అమెరికాలో పెద్దవాళ్లలో సగానికి పైగా, 54 శాతం మంది, తామో తమ ఇంట్లోవాళ్లో ఏదో ఒక రూపంలో తుపాకీ సంఘటన ఎదుర్కొన్నామని 2023లో కేఎఫ్ఎఫ్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ సర్వేలో చెప్పారు. నేను ఆ అంకె చెప్పలేదు, ప్రసాదం చేతిలో ఉంది. ఇంకొకాయన ఉత్సాహంగా తనూ ఒకటి కొన్నానన్నాడు, కోవిడ్ టైములో, రక్షణకి. ఎక్కడ పెట్టారని అడిగాను. "క్లాజెట్‌లో, బంగారం పక్కనే." తాళం? ఆయన నోరు తెరిచే లోపు పక్కనున్న ఎనిమిదేళ్ల కొడుకు చెప్పాడు, తాళం చెవి ఎక్కడుంటుందో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదొక సిగ్గు. ఈ దేశంలో తుపాకీ చావుల్లో సగానికి మించి ఆత్మహత్యలే. అవి పచ్చికలున్న ఇళ్లలోనూ జరుగుతాయి. ఆ ప్రయత్నాల్లో తుపాకీ పట్టుకున్నవాళ్లు నా దగ్గరికి రావడం చాలా అరుదు, పదిలో తొమ్మిది మంది దాకా మిగలరు. మాత్రలు మింగినవాళ్లలో ఎక్కువ మంది బతుకుతారు, వాళ్లలో ఎక్కువ మంది మళ్లీ ఆ పని చేయరు. ఆ రాత్రి ఇంటికెళ్లి బంగారం పక్కన పెట్టినాయన భార్యకి ఫోన్ చేశాను. చిన్న లాకరు కొన్నామని రెండు వారాల తర్వాత మెసేజి పెట్టింది.

మన వాళ్లకి ఈ విషయంలో గుర్తున్న పేరు కూచిభొట్ల శ్రీనివాస్. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతలో, ఆఫీసయ్యాక స్నేహితుడితో కలిసి కూర్చున్న చోట, నా దేశంలోంచి పొండి అని అరిచినవాడు కాల్చి చంపాడు. 32 ఏళ్లు. ఆ స్నేహితుడి కాలికి గుండు తగిలింది, బతికాడు. అడ్డుపడటానికి లేచిన ఇయాన్ గ్రిలాట్ అనే తెల్ల కుర్రాడికి చేతిలోంచి ఛాతీలోకి దూసుకెళ్లింది, బతికాడు. హ్యూస్టన్‌లోని భారతీయులు ఆ కుర్రాడికి ఇల్లు కొనుక్కోమని లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. శ్రీనివాస్ భార్య సునయన దుమాలకి భర్త పోవడంతోపాటే ఈ దేశంలో ఉండే హక్కూ పోయింది, ఆవిడ వీసా దారి ఆయన ఉద్యోగం మీద ఆధారపడి ఉంది. అంత్యక్రియలకి హైదరాబాదు వెళ్తే తిరిగి రానిస్తారో లేదో తెలీని స్థితి. ఒక గుండు వీసా దాకా వెళ్తుందని నాకప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఆ రాత్రి ఫోన్‌లో చెప్పిన మన కుర్రాడి దగ్గరికి వస్తాను. ఖమ్మం జిల్లా. నన్ను అక్కా అంటాడు, నేను బాబూ అంటాను. మాస్టర్స్ రెండో సెమిస్టరు. స్టూడెంటు వీసా మీద వచ్చినవాళ్లు సెమిస్టరు నడిచేటప్పుడు క్యాంపస్ లోపల వారానికి ఇరవై గంటలే పనిచేయాలి, బయట అనుమతి లేకుండా చేయకూడదు. క్యాంపస్‌లో ఉద్యోగాలెన్ని, పిల్లలెంతమంది? బ్యాంకు అప్పు ఊళ్లో మూడెకరాల మీద ఉంది. అందుకని రాత్రిపూట గ్యాస్ స్టేషన్ కౌంటరు. క్యాష్ ఇచ్చేశాడు, చేతులెత్తాడు, అయినా కాల్చారు. చంక దగ్గర దూరి వెనకనించి బయటికొచ్చింది.

ఆసుపత్రిలో మొదటివారం వాడి భయం చేయి గురించి కాదు. "అక్కా, నేనక్కడ పని చేస్తున్నట్టు రాస్తారా?" అని అడిగాడు. పనిలో దెబ్బ తగిలితే రావాల్సిన పరిహారం అడగాలంటే, పని చేశానని ఒప్పుకోవాలి. యజమాని రెండుసార్లు పళ్లు పట్టుకొచ్చాడు, మూడోసారి ఫోన్ ఎత్తలేదు. కోర్సులు తగ్గించుకోవాలంటే డాక్టరు ఉత్తరం కావాలి, అదీ మొత్తం మీద పన్నెండు నెలలకి మించి కుదరదు. నేరానికి బలై పోలీసులకి సహకరించినవాళ్లకి యూ వీసా అని ఒకటుంది, 2000లో పెట్టారు. ఏడాదికి పదివేలే ఇస్తారు, వరస ఏళ్ల తరబడి సాగుతుంది. ఇవన్నీ వాడికి చెప్పింది లాయరు. అర్థమయ్యేలా మళ్లీ చెప్పింది, థెరపీ బల్ల దగ్గర, నేను.

చంక కింద మెడలోంచి చేతికి వెళ్లే నరాల కట్ట ఉంటుంది. జడలా అల్లుకుని ఉంటుంది, ఇంగ్లీషులో బ్రేకియల్ ప్లెక్సస్. వాడికి అందులో ఒక పాయ దెబ్బతింది. మోచేయి వంగుతుంది, చేయి నోటిదాకా వస్తుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు తెలియవు. బొటనవేలు, చూపుడువేలు కలుస్తాయి గానీ పట్టు ఉండదు. కాగితం పట్టుకుంటే ఎవరైనా లాగేసుకోవచ్చు. ఒకరోజు చిటికెన వేలి మీద పెద్ద బొబ్బ చూశాను. ఏమిట్రా ఇది అంటే, తనకీ తెలీదు. టీ గ్లాసు.

ఇంట్లో చెప్పలేదు. మెట్ల మీంచి జారాను, భుజం బెణికింది అన్నాడట. మన పిల్లలందరూ ఇదే చెప్తారు. కానీ వీడియో కాల్‌లో అమ్మ తిండి చూస్తుంది కదా. "ఏంది బిడ్డా, ఎడం చేత్తో తింటున్నవ్?" అంది మూడోవారం. చెంచాతో తిన్నా పట్టేసింది. "కుడి చెయ్యి ఫోన్ పట్టుకుందమ్మా" అన్నాడు. "మరి ఫోను బల్ల మీద పెట్టినవ్ కదా?" అంది. నేను పక్కనే ఉన్నాను. వాడు నెట్ పోయినట్టు నటించి కాల్ కట్ చేశాడు.

అమెరికాలో మా పాఠ్యపుస్తకాల్లో భోజనం అంటే ఫోర్కు, కత్తి. లావు పిడి చెంచా, వంపు చెంచా, చేతికి పట్టీతో కట్టే చెంచా, అన్నీ ఉన్నాయి నా అలమరలో. మర్నాడు ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తెచ్చాను. చల్లారిన అన్నం, ముద్దపప్పు, కాస్త నెయ్యి. మీరు ఎప్పుడైనా చూసుకున్నారా, అన్నం కలపడంలో చెయ్యి ఎన్ని పనులు చేస్తుందో? ముందు వేళ్ల కొసలతో మెతుకు చిదమాలి. తర్వాత అరచేయి తగలకుండా కలపాలి. నాలుగు వేళ్లు గరిటెలా వంచి ముద్ద చేయాలి. ఎత్తాక బొటనవేలి గోటితో నోట్లోకి తోయాలి. ఇరవై ఏళ్ల చదువులో ఇంతకన్నా మంచి వేళ్ల కసరత్తు నేను చూడలేదు. మొదటిరోజు ముద్ద ఎనిమిదిసార్లు కింద పడింది. ప్లాస్టిక్ పరిచాను కాబట్టి సరిపోయింది. మా సూపర్‌వైజరు వచ్చి ఇదేమిటని అడిగితే "ఫైన్ మోటార్" అన్నాను. అబద్ధం కాదు కదా.

పక్క బల్ల దగ్గర మా తమ్ముడు చక్రాల కుర్చీ నుంచి మంచం మీదికి జారుడుచెక్కతో మారడం నేర్చుకుంటున్నాడు. ఈ తంతు చూసి అదేమిటని అడిగాడు. రుచి చూశాడు. ఉప్పు తక్కువ అన్నాడు, నిజమే. అప్పట్నించీ ఇద్దరికీ మాట కలిసింది. ఎలా తగిలింది అని ఒకరినొకరు అడగలేదు. రాత్రిళ్లు నిద్ర పడుతుందా అని అడిగాడు తమ్ముడు. పట్టదు అన్నాడు మనవాడు.

మా వార్డుకి ఒక అన్న వస్తాడు. డాక్టరు కాదు. ఇరవై ఏళ్ల కిందట తనకీ గుండు తగిలింది, కొంచెం కుంటుతాడు. ఇలా దెబ్బ తిన్నవాళ్లనే ఆసుపత్రి మంచం పక్కకి పంపే పద్ధతి 1994లో ఓక్లండ్‌లో యూత్ అలైవ్ అనే సంస్థతో మొదలైంది. షికాగోలో గ్యారీ స్లట్కిన్ అనే వైద్యుడు ఇంకో దారిలో అక్కడికే వచ్చాడు. సోమాలియా శరణార్థి శిబిరాల్లో కలరాతో పోరాడినవాడు, తిరిగొచ్చి కాల్పుల మ్యాపు చూస్తే అంటువ్యాధి మ్యాపులాగే కనిపించిందట. 2000లో పేటలోని మనుషులనే పెట్టి కాల్పులు ఆపే కార్యక్రమం మొదలుపెట్టాడు. ఇవి అన్నిచోట్లా ఒకేలా ఫలించలేదు, డబ్బు ఆగితే మనుషులూ ఆగిపోతారు. మా అన్న చేసేదేమిటో నేను చూశాను. తమ్ముడి మంచం పక్కన కూర్చుని గంటసేపు బాస్కెట్‌బాల్ మాట్లాడతాడు. వాడి కజిన్లు వచ్చినప్పుడు మాత్రం వాళ్లతో కలిసి లిఫ్టు దాకా నడుస్తాడు. ఆ నడకలో ఏం మాట్లాడతాడో నాకు చెప్పడు. అమ్మమ్మ మాత్రం ఒకసారి ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నంత పని చేసింది.

తమ్ముడి పేట గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. మనిషి పడ్డ మూలలో టెడ్డీ బొమ్మలు, బెలూన్లు, కొవ్వొత్తులు పెడతారు. చనిపోతేనే. తమ్ముడికి అవేవీ లేవు. ఇళ్ల ముందు మెట్ల మీద సాయంత్రాలు కూర్చునే ముసలివాళ్లు లోపలికెళ్లిపోయారు. అంగడివాడు కౌంటరుకి మందపాటి గాజు బిగించాడు. పిల్లల్ని తల్లులు రెండు వీధులు చుట్టు తిప్పి బడికి తీసుకెళ్తారు. షికాగోలో ప్యాట్రిక్ షార్కీ అనే సామాజిక శాస్త్రవేత్త 2010లో చూపించాడు: ఇంటి దగ్గర్లో హత్య జరిగిన వారంలో పరీక్ష రాసిన నల్లజాతి పిల్లలకి చదవడంలో, పదాల్లో మార్కులు తగ్గాయి. కళ్లతో చూడని పిల్లలకి కూడా.

ఈ ఊళ్లోనే ఇంకో ప్రయోగం జరిగింది, నాకు చాలా ఇష్టం. 541 పాడుబడ్డ ఖాళీ స్థలాల్ని చీటీలేసినట్టు విడదీసి, కొన్నిటిలో చెత్త తీసి, నేల చదును చేసి, గడ్డి వేసి, కొన్ని చెట్లు నాటి, పొట్టి కర్ర కంచె కట్టారు. కొన్నిటిని అలాగే వదిలేశారు. బీద పేటల్లో బాగుచేసిన స్థలాల చుట్టుపక్కల తుపాకీ హింస 29 శాతం తగ్గిందని 2018లో ప్రచురించారు. చదివి మా అమ్మకి చెప్తే, "వాకిలి ఊడిస్తే లక్ష్మి వస్తుందని చెప్పినప్పుడు నవ్వావుగా" అంది. అది వేరే సంగతమ్మా అన్నాను. అంత వేరేనా అని తర్వాత అనిపించింది. 2021లో ఈ ఊళ్లో 562 హత్యలు. 2024లో 269. ఎందుకు తగ్గాయో ఎవరికి వాళ్లు తమ గొప్పే అంటున్నారు. నా వార్డులో పక్కలైతే ఇంకా నిండుగానే ఉన్నాయి, 2021 వాళ్లు పుండ్లతో, ఇన్‌ఫెక్షన్లతో తిరిగి తిరిగి వస్తున్నారు.

దెబ్బతిన్న నరం మళ్లీ పెరుగుతుంది. రోజుకి దాదాపు ఒక మిల్లీమీటరు, నెలకి అంగుళం. చంక నుంచి చిటికెన వేలి కొసకి రెండేళ్ల ప్రయాణం. ఈలోపు చేతిలో చిన్న కండరాలు దాని కోసం ఆగవు, ఏడాది, ఏడాదిన్నరకి ఎండిపోతాయి. కాబట్టి ఆ రెండు వేళ్లకి స్పర్శ వచ్చినా బలం రాకపోవచ్చు. ఇది వాడికి రెండోనెలలోనే చెప్పాను. వాడు కంప్యూటరు పిల్లాడు, వెంటనే భాగహారం వేసుకున్నాడు.

నరం ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడానికి చిన్న చిట్కా ఉంది. చేతి లోపలి వైపు పైనించి కిందికి వేలితో తట్టుకుంటూ వస్తే, కొత్త నరం మొన ఉన్నచోట చిటికెన వేలిలో జివ్వుమంటుంది. వేలు తెలియనివాడికి వేలిలో కరెంటు. అక్కడ పెన్నుతో చుక్క పెడతాను, టేపు పెట్టి కొలిచి రాసుకుంటాను. ప్రతి నెలా మొదటి గురువారం. వాడు చుక్కని సబ్బుతో రుద్దకుండా రెండు మూడు రోజులు కాపాడుకుంటాడు.

అమ్మకి నిజం ఐదోనెలలో చెప్పాడు. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదట. తర్వాత "నీకు అన్నం కలిపి పెడుతున్న ఆమె ఎవరో నాకు చూపియ్" అందట. నేను ఫోన్ ముందుకొచ్చి నమస్తే వదినా అన్నాను. ఆవిడ నన్ను చూడలేదు, వాడి చేతినే చూస్తోంది.

మొన్న గురువారం చుక్క మోచేతికి రెండు వేళ్ల పైన పడింది. పోయిన నెల కంటే ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు కిందికి. "సంక్రాంతికి మోచెయ్యి దాటుతదా అక్కా?" అన్నాడు. క్యాలెండరు తీశాం ఇద్దరం.